గడువు తీరిన వడపోతలు

మా వెల్గటూరు గోదావరికి సమీపమున నుండుటచేత నీటికి కరవన్న మాట కన్న నీటివలన భయమన్న మాటయే మా యింట నెక్కువగా వినబడుచుండును. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు వెనుకనీరు మా కోటిలింగాల యొద్ద నిలిచియుండును. 2022 జూలైలో కడెము ఆనకట్టకు వరద పోటెత్తిన దినములలో గోదావరి పొంగి ధర్మపురి వీధులలోనికి సైతము వచ్చెను. అట్టి సమయమున కన్నుమేర నీరే కనబడును గాని పసిబిడ్డ నోట పోయదగిన నీరు గ్రుక్కెడైనను దొరకదు. కరెంటు పోవును, కుళాయి ఆగును, బావిలోనికి బురదనీరు దిగును.

ఈ భయమే మా అటకమీద నొక పెట్టెను నిలిపినది. రెండు మట్టి క్యాండిళ్లు, ఒక బొగ్గు వడపోత, క్లోరిను బిళ్లలు, బ్లీచింగు పొడి డబ్బా, మా మఱది గల్ఫునుండి ముచ్చటపడి తెచ్చిన గొట్టపు వడపోత, అన్నియు నందు గలవు. మొన్న వేసవిలో దింపి చూడగా తేదీ వేసియున్న ప్రతిదానికిని గడువు తీరియున్నది.

“పారెయ్యకు బిడ్డా, ఆపతికి అక్కెరకొస్తయి,” అని మా అత్తగారు. “అన్నిటినీ పారవేయవలసినదే నమ్మా,” అని మా అమ్మాయి. ఇద్దరి మాటయు సగమే నిజమని నా యభిప్రాయము. ఏలనన, ఈ వస్తువులన్నియు నొకే విధముగా ముసలివి కావు.

మట్టి క్యాండిలు సంగతి చూడుడు. 1884లో పారిసునందు పాస్టరు పండితుని ప్రయోగశాలలో షాంబర్లాండు అను నాతడు కాల్చిన పింగాణితో నిట్టి వడపోత గావించెను; క్రొవ్వొత్తివలె నుండుటచేత దానికా పేరు. మట్టి కూర్చున్నచోట చెడదు. పగులే దాని మరణము. దానిని తడిపి నీట ముంచి, మూతినుండి గాలి యూదిన, ఒక్కచోటినుండి బుడగలు ధారగా వచ్చెనా, అక్కడ బీట యున్నదన్నమాట. ముందు చెడునది క్యాండిలు గాదు, దానిక్రింది రబ్బరు వాషరు. అది యెండి చిట్లినచో మురికినీరు ప్రక్కదారిని దిగును.

బొగ్గు అట్లు కాదు. మూత సడలిన పెట్టెలోనే గాలిలోని వాసనలను పీల్చి తన శక్తిని వ్యయపఱచుకొనును. ఒకమాఱు తడిసి నిలువయున్నచో క్రిములకే యిల్లగును. గొట్టములోని నాళములు వెండ్రుకలవలె సన్ననివి. వాడి యారబెట్టిన పిదప లోపలి సంగతి కంటికి దెలియదు. తయారుచేసినవారు వేసిన తేదీయైనను చల్లని పొడిచోటునకే గాని, నలుబది డిగ్రీలు దాటు మా అటకకు గాదు గదా!

అన్నిటికన్న మోసకారి బ్లీచింగు పొడి. క్రొత్తదానియందు మూడవవంతు క్లోరిను పని కుపయోగించును. ఎండకు, వేడికి, చెమ్మకు నది నానాటికి తగ్గును. వాసన యున్నంతమాత్రమున బలమున్నదనుకొనరాదు.

పాతబడిన కొలది మేలగు వడపోత యొకటి కలదు. అది మన పెట్టెలోని నూలుచీర. బంగ్లాదేశమున మత్లబు ప్రాంతమునందలి స్త్రీలు పాతచీరను నాలుగైదు మడతలు వైచి నీరు వడగట్టగా కలరా ఇంచుమించు సగమునకు తగ్గెనని 2003లో రీటా కోల్వెల్ మొదలగు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కలరా క్రిములు నీటిలోని సన్నని పురుగుల నంటిపెట్టుకొనియుండును. ఉతికి యుతికి దారములు మెత్తబడిన బట్ట ఆ పురుగులను క్రొత్తచీరకన్న బాగుగా నాపును. విడిగా నున్న క్రిములను మాత్ర మది యాపజాలదు. కావున వడగట్టిన పిదప నీరు కళపెళ నొక నిమిషము మఱగవలెను.

బిళ్లలు, పొడి, బొగ్గు పారవేసితిని. వాషరులు మార్చితిని. గొట్టముకడ మాత్రము తగవు వచ్చినది. “వాడు అంత దూరంకెల్లి తెచ్చిండు, ఉండనియ్యి,” అని అత్తగారు బ్రతిమాలిరి. దాచుకొన్నచో నష్టమేమని నాకును దోచెను. కాని వరదరాత్రి దీపములేనివేళ ఆ పెట్టె దెఱచువారు తేదీ చూతురా? మా మనుమనికి ఏడాది నిండలేదు. ఆ వయసున విరేచనములు పట్టుకొన్నచో ఒక్కరోజులోనే బిడ్డ వాడిపోవును. పైగా, అది యున్నదను ధైర్యముచేతనే మూడేండ్లుగా క్రొత్తది కొనక యుంటిమి. గొట్టమును రెండు ముక్కలు గావించితిని. అత్తగారు రెండుదినములు నాతో ముభావముగా నుండిరి.

ఇప్పుడు పెట్టెలో క్రొత్త బిళ్లలున్నవి. వాని గడువు మూతమీద పెద్దయక్షరములతో వ్రాసితిని. ఉతికి మడిచిన రెండు నూలుచీరలు, అగ్గిపెట్టె, చిన్న గ్యాసు పొయ్యి ప్రక్కనే యున్నవి. మూడవనాడు అత్తగారు తామే యటకయెక్కించి నాలుగు చిల్లగింజలు మూటగట్టి వేయించిరి. కుండలోపల అరగదీసినచో బురద క్రిందికి దిగును, క్యాండిలు త్వరగా పూడిపోదు. వానికి తేదీ వ్రాయనక్కఱలేదని మా అమ్మాయి కూడ నొప్పుకొన్నది.