పొలమారని గొంతు

పక్షవాతం అనగానే పడిపోయిన చెయ్యీ కాలూ, వంకరపోయిన మూతీ కళ్ల ముందు మెదులుతాయి. గొంతు సంగతి ఎవరూ తలవరు. మా అత్తగారికి కుడిపక్క పడిపోయినప్పుడు డాక్టరుగారు ముందుగా చెప్పిన మాట ఇది: "మింగగలరో లేదో మేము పరీక్షించేదాకా చెంచాడు నీళ్లయినా పోయవద్దు."

చూడవచ్చిన చుట్టాలకు ఈ మాట మింగుడు పడలేదు. "నాలిక పిడచకట్టుకుపోతుంటే గుక్కెడు నీళ్లు పొయ్యవా?" అని నన్ను నిలదీశారు. నీళ్లే ప్రమాదమంటే నమ్మేదెవరు?

మింగే ఆ ఒక్క క్షణంలో ముప్ఫైకి పైగా కండరాలు వరుస తప్పకుండా పనిచేస్తాయి. గాలి గొట్టం మూసుకుంటుంది, అన్నవాహిక తెరుచుకుంటుంది. పక్షవాతంలో ఆ వరుస తప్పుతుంది. చిక్కటివి నిదానంగా దిగుతాయి గాని, నీళ్లలాంటివి గాలి గొట్టం మూసుకునే లోగానే అందులోకి జారిపోతాయి. మనకయితే పొలమారుతుంది, ఎవరో తలుచుకుంటున్నారని నవ్వుకుంటాం. కొందరు రోగులకు ఆ దగ్గు కూడా రాదు. చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. తిన్నాక గొంతు తడితడిగా గరగరమన్నా, జ్వరం తగిలినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ముక్కులోంచి గొట్టం వేసి పది రోజులు ఆహారం పోశాం. గొట్టం ఉన్నా నోరు రోజూ శుభ్రం చెయ్యాల్సిందే, నోటిలోని క్రిములు ఉమ్మితో పాటు లోపలికి పోతాయి గనక. తర్వాత స్పీచ్ థెరపిస్టు వచ్చింది. మాటలు నేర్పే అమ్మాయికి మింగడంతో పనేమిటంటారా? రెండూ ఆ నాలుకా గొంతూ చేసే పనులే గదా! అత్తగారిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, అరచెంచా చొప్పున చిక్కటి రాగిజావ పెట్టించింది. గడ్డం వంచడం అందరికీ పనికిరాదట, చూసి చెప్పాలిట. ఒక ముద్ద దిగాకే రెండోది. పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు నిలిచిపోతాయి, చూసి తీసెయ్యాలి. తిన్నాక అరగంటయినా పడుకోబెట్టకూడదు. మాత్రలు కూడా అడక్కుండా నలిపి ఇవ్వకూడదు, నలపకూడనివి కొన్ని ఉన్నాయి.

మేము తేలికని అనుకునే చారన్నం మాత్రం వద్దంది. చారు ముందు జారిపోతుంది, మెతుకు వెనక మిగులుతుంది. ఆఖరికి కాఫీలోనూ చిక్కబరిచే పొడి కలపాల్సి వచ్చింది. మాట పడిపోయినా, ఆ కాఫీ నోట పెట్టగానే ఆవిడ నావంక చూసిన చూపులో తిట్లన్నీ ఉన్నాయి.

నాలుగో నెలలో చేతివేళ్లు పిడికిలిగా బిగుసుకుపోయాయి. బొటులినమ్ ఇంజక్షన్ ఇస్తామన్నారు. చెడిన ఆహారంలో పుట్టి ప్రాణం తీసే విషమే అది. కొలత ప్రకారం కండరంలోకి ఇస్తే సుమారు మూడు నెలలు బిగువు సడలుతుంది. చొంగ ఆగకుండా కారేవారికి లాలాజల గ్రంథుల్లోకీ ఇస్తారు. అయితే ఈ మందు ఒక్కొక్కప్పుడు గొంతు కండరాలకు పాకి మింగడాన్ని ఇంకా దెబ్బతీయవచ్చు. అందుకని గొంతు సంగతి ముందే గుర్తుచేశాను. డాక్టరుగారు అది చూసుకునే మోతాదు నిర్ణయించారు.

చాలామందికి కొన్ని వారాల్లోనే మింగడం తిరిగి వస్తుంది. అత్తగారికి ఆరు నెలలు పట్టింది. మళ్లీ పరీక్షించాక, పొడి లేని కాఫీ తాగవచ్చునన్నారు. చిన్న చిన్న గుక్కలుగా తాగుతున్నారు. నేను పక్కన కూర్చుని గుక్కలు లెక్కపెడుతుంటే కసురుకుంటున్నారు.