ఉద్యానమా, ప్రమదవనమా?

మా కాలనీలో ఎకరం తోట ఒకటి ఉన్నది. దానిని కాపాడినవారిలో నేనొకణ్ణి. కాపాడిన తరువాత దానిని కొంతకాలం పిల్లలకు కాకుండా చేసినవారిలోనూ నేనున్నాను. మొదటి సంగతి అడిగినవారికీ అడగనివారికీ చాలాసార్లు చెప్పుకున్నాను. రెండవది చెప్పుకోవడానికి ఇన్నాళ్ళూ మనసొప్పలేదు. ఊరూరా ఇటువంటి సంఘాలు ఏర్పడుతున్నాయి గనుక, మా అనుభవం ఎవరికైనా పనికి వస్తుందేమోనని ఇప్పుడు వ్రాస్తున్నాను.

మాది కృష్ణా డెల్టాలో ఒక మోస్తరు పట్టణం. పూర్వం వరి పండిన చోట 1980లలో ప్లాట్లు వేశారు. అప్పుడు ఉమ్మడి అవసరాల కోసం విడిచిపెట్టిన స్థలమది. కాగితం మీద పార్కు. చూస్తే తుమ్మచెట్లు, ముళ్ళకంప, ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు పారబోసిన ఇటుకముక్కలు. నేను బడికి పోతూ వస్తూ ఏళ్ళ తరబడి దాని పక్కగానే నడిచాను. ఒక్కనాడూ లోపలికి తొంగి చూడలేదు. పిల్లలు మాత్రం మధ్యలో కాస్త జాగా చదును చేసుకొని క్రికెట్టు ఆడుకునేవారు. ఆ స్థలాన్ని పార్కుగా గుర్తించినవాళ్ళు మొదట వాళ్ళేనని ఇప్పుడు అనిపిస్తుంది.

2019లో, నేను పదవీ విరమణ చేసిన మరుసటి సంవత్సరం, పలుకుబడి గల కొందరు అక్కడ కల్యాణమండపం కట్టడానికి కొలతలు తీయించారు. అప్పుడు గాని మాకు మెలకువ రాలేదు. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషను చట్టం క్రింద సంఘం పెట్టుకోవడానికి ఏడుగురు చాలు. మేము సరిగ్గా ఏడుగురం పోగయ్యాము. విశ్రాంత ఇంజనీరుగారొకరు అధ్యక్షులు. బ్యాంకులో పనిచేసి విరమించినవారు కోశాధికారి. 'మీరు తెలుగు పండితులు, అర్జీలు బాగా వ్రాస్తారు' అని నన్ను కార్యదర్శిని చేశారు. లాభాపేక్ష లేని సంఘం. జీతం పుచ్చుకునేవాడు తోటమాలి ఒక్కడే.

న్యాయవాది మిత్రుడొకాయన మాకు 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ప్రతిని తెచ్చి ఇచ్చాడు. బెంగళూరులో పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని 1976లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వబోతే, ఆ పేటవాసులు కోర్టుకు ఎక్కిన వ్యాజ్యమది. పార్కు స్థలాన్ని అలా మళ్ళించడం చెల్లదన్నారు న్యాయమూర్తులు. ఆసుపత్రి మంచిదే అయినా, దాని కోసం అందరిదైన ఖాళీస్థలాన్ని తీసుకోరాదన్నారు. ఆ పేటలో నివసించేవాళ్ళకు ఈ విషయం ప్రశ్నించే హక్కు ఉన్నదని కూడా తేల్చారు. ఆ తీర్పును నేను పాఠం చదివినట్లు చదివాను. 1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పన్నెండవ షెడ్యూలులో, పురపాలక సంస్థలు చూడవలసిన పద్ధెనిమిది అంశాలలో పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఒక అంశమని కూడా అప్పుడే తెలుసుకున్నాను. అర్జీల మీద అర్జీలు వ్రాశాను. 'ఇది ప్రజలందరి స్థలం' అన్న వాక్యం ప్రతి అర్జీలోనూ ఉండేది. ఎనిమిది నెలలకు కల్యాణమండపం మాట వెనక్కి పోయింది.

ఆ తరువాత మొక్కలు నాటాము. వేప, కానుగ, పొగడ, నేరేడు. మనవాళ్ళు సప్తసంతానాలలో చెరువునూ గుడినీ కావ్యాన్నీ కొడుకునూ చెప్పి, వాటి సరసన వనాన్ని కూడా చెప్పారు గదా. చెట్టు పెంచితే అది మన తరువాత కూడా మన పేరు నిలుపుతుందని భావం. మా ఏడుగురిలో సగంమందికి పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్నారు. ఈ సంతానమే దగ్గర ఉన్నది. 2020లో లాక్‌డౌన్ రోజులలో తోట పక్కింటివారు తమ బోరు నుండి గొట్టం వేసి మొక్కలను బ్రతికించారు. ఆదివారం ఆదివారం శ్రమదానం చేసేవాళ్ళం. రాలిన ఆకులు తగలబెట్టకుండా గుంటలో వేసి ఎరువు చేసేవాళ్ళం. నడకదారి పరిచాము, రెండు ఉయ్యాలలు పెట్టాము, ఇంటికి నెలకు నూరు రూపాయల చందా వసూలు చేశాము. చివరగా, అధ్యక్షులవారి ముచ్చట కొద్దీ, మధ్య జాగాలో పచ్చిక వేశాము. పిల్లలు చదును చేసుకున్న జాగా అదే.

చిక్కు అక్కడ మొదలయింది. పచ్చిక నిలవాలంటే తొక్కరాదు. పిల్లలు తొక్కకుండా ఆడలేరు. 2022లో ఒక సాయంత్రం నడకదారిలో వెళ్తున్న డెబ్బై ఏళ్ళ ఆవిడకు క్రికెట్టు బంతి తగిలి, ఆవిడ పడిపోయి మణికట్టు ఎముక విరిగింది. ఆ బాధ చిన్నది కాదు. ఆవిడ మూడు నెలలు అన్నం కలుపుకోలేకపోయింది. మరునాడే సమావేశం పెట్టి గేటుకు తాళం వేయాలని తీర్మానించాము. ఉదయం మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు నడిచేవారి కోసం తెరవాలి. తాళంచెవులు కార్యవర్గం దగ్గర ఉండాలి. నియమాల బోర్డు వ్రాసే పని నాకప్పగించారు.

ఆ బోర్డు వ్రాసిన నాడు నాకు కలిగిన సంతోషం దాచను. ముప్పై ఏళ్ళు చెప్పిన చదువంతా దానిమీద పెట్టాను. 'ఉద్యానమునందు కందుకక్రీడలు నిషిద్ధము', 'శాద్వలముపై పాదము మోపరాదు', 'పుష్పాపచయము దండనార్హము' ఇత్యాదిగా తొమ్మిది వాక్యాలు. అక్షరదోషం ఒక్కటి లేదు. దారిన పోయేవాళ్ళు ఆగి చదివితే నాకు గర్వంగా ఉండేది.

గేటు పక్కన ఇస్త్రీ బండి ఉన్నది. అతని కూతురు అప్పుడు అయిదవ తరగతి. 2023 ఏప్రిల్‌లో ఒకనాడు ఆ పిల్ల బోర్డు ముందు నిలబడి, వేలితో అక్షరం అక్షరం చూపుకుంటూ చదువుతున్నది. నేను తాళం తీస్తున్నాను.

“మాస్టారూ, నిషిద్ధమంటే ఏంటండీ?”

“చేయకూడదని అర్థమమ్మా.”

“మోపరాదంటేనండీ?”

“అదీ చేయకూడదనే.”

ఆ పిల్ల తక్కిన వాక్యాలూ ఓపికగా చదివి, నా వంక చూసి అడిగింది: “అయితే లోపలికెళ్ళి ఏం చెయ్యాలండీ?”

“నడవవచ్చు” అన్నాను.

“నడిచే వచ్చామండీ” అన్నది.

నవ్వు వచ్చింది. ఇంటికి వెళ్ళి మా ఆవిడకు చెప్పి నవ్వాను కూడా. ఆవిడ నవ్వలేదు. “పిల్ల అడిగిందాంట్లో తప్పేముంది?” అన్నది. దాని గురించి అంతకుమించి ఆలోచించలేదు నేను.

మే నెలలో, సెలవులలో, ఆ పిల్ల అన్న రోడ్డు మీద ఆడుతూ బంతి వెంట పరుగెత్తి మోటారు సైకిలు క్రింద పడ్డాడు. కాలు విరిగింది. తోటకు తాళం వేసిన నాటినుండి పిల్లలంతా ఆ రోడ్డు మీదనే ఆడుతున్నారని మాకందరికీ తెలుసు. తెలిసీ తెలియనట్లు ఊరుకున్నాము. కుర్రవాణ్ణి చూడడానికి వెళ్ళాను. వాడి తండ్రి నన్ను చూసి గబగబా కుర్చీ వేశాడు. “మావాడిదే తప్పండి మాస్టారూ. రోడ్డు మీద ఆడకూడదు గదండీ” అన్నాడు. అతడు నన్ను దెప్పి ఉంటే బాగుండేది. నేను తెచ్చిన పండ్లు అక్కడ పెట్టి, ఏదో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేశాను.

ఆ రాత్రి నిద్రపట్టక అమరకోశం తీశాను. పండిత శిక్షణ నాడు కంఠస్థం చేసిన పుస్తకం. పిల్లలకు ఎన్నో ఏళ్ళు చెప్పిన పుస్తకం. వనౌషధివర్గం మొదట్లోనే తోటల పేర్లు ఉన్నాయి. రాజు వేయించినదై అందరూ విహరించే సాధారణ వనాన్ని అమరసింహుడు ఉద్యానం అన్నాడు. ఆక్రీడ అని దానికే మరో పేరు చెప్పాడు. ఆక్రీడ అంటే ఆడుకునే చోటు. అటువంటి తోటయే అంతఃపురం వారికి మాత్రమే అయితే దాని పేరు మారుతుంది, అది ప్రమదవనం. ఆరామం అన్న మాటలోనూ ఉన్నది రమ్ ధాతువే, ధాతుపాఠం దానికి చెప్పిన అర్థం క్రీడ. ఉద్యానమంటే, విడదీసి చూస్తే, బయటికి వెళ్ళడం. ఇల్లు విడిచి బయటికి వచ్చినవాడి కోసం ఉన్నది గనుక ఆ పేరు.

ఇవన్నీ నాకు తెలియనివి కావు. 'ఉద్యానమునందు కందుకక్రీడలు నిషిద్ధము' అని వ్రాసినప్పుడు కూడా తెలుసు. మాట అర్థం తెలిసి, ఆ మాటకు విరుద్ధంగా వాక్యం వ్రాసి, అందులో సంధి సరిగా కుదిరిందని మురిసిపోయాను. కల్యాణమండపం కట్టదలచినవాళ్ళు తోటను కొందరికి మాత్రమే చేయబోయారని గదా మేము అర్జీలు పెట్టాము. వాళ్ళు చేయలేకపోయినది మేము ఒక్క తాళంతో చేశాము. అదీ మంచి ఉద్దేశంతో.

జూన్ సమావేశంలో ఈ మాటే చెప్పాను. సుఖంగా సాగలేదు. “బంతి తగిలి మళ్ళీ ఎవరికైనా ఎముక విరిగితే బాధ్యత ఎవరిది?” అన్నారు అధ్యక్షులవారు. న్యాయమైన ప్రశ్నే. “చందా కట్టేది మేము, ఆడుకునేది వాళ్ళా?” అన్నారు మరొకరు. పిల్లలలో సగంమంది చందా ఇచ్చే ఇళ్ళవాళ్ళు కారు, నిజమే. అయితే స్థలం చందాదారులది కాదు. ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో ముప్పై ఒకటవ అధికరణం పిల్లలకు విశ్రాంతినీ ఆటనూ హక్కుగా చెప్పింది. 1992లో మన దేశం ఆ ఒడంబడికలో చేరింది. అది చదివి వినిపించాను. దానివల్ల ఎవరి మనసూ మారలేదు. మార్చినది, నిజం చెప్పాలంటే, అధ్యక్షులవారి టేపే.

ఆయన ఇంజనీరు. మాటలకు లొంగరు గాని కొలతలకు లొంగుతారు. మరునాటి ఉదయం ఇద్దరం టేపు పట్టుకొని తోటంతా కొలిచాము. కబడ్డీ కోర్టుకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కావాలి. వాలీబాలుకు 18 మీటర్లు, 9 మీటర్లు. రెండింటికీ చుట్టూ మూడేసి మీటర్లు విడిచినా మొత్తం 664 చదరపు మీటర్లు. ఎకరం 4,047. ఆరోవంతు కూడా కాదు. ఆయన లెక్క రెండుసార్లు చూసుకొని, “ఇంతేనా?” అన్నారు. పచ్చిక పోతుందని కాస్త బాధపడ్డారు. తరువాత ఆయనే ముగ్గుపిండితో గీతలు వేశారు.

ఇప్పటి ఏర్పాటు ఇది. తోట తెల్లవారుజామున అయిదు నుండి రాత్రి ఎనిమిది వరకు తెరిచే ఉంటుంది. ఉదయం నడిచేవారిది. సాయంత్రం నాలుగున్నర నుండి ఆరున్నర వరకు మధ్య జాగా పిల్లలది. నడకదారి వైపు వల కట్టాము. క్రికెట్టుకు గట్టి బంతి వద్దు, రబ్బరు బంతి అయితే సరే. రోజుకొకరు చొప్పున సంఘ సభ్యులు ఆ రెండు గంటలు అక్కడ కూర్చుంటారు. గురువారం నా వంతు. జగడాలు తీర్చడమే పని, బడిలో చేసినదే.

అంతా చక్కబడిందని చెప్పను. ఇద్దరు సభ్యులు మానుకున్నారు. చందాలు తగ్గాయి. చెయ్యి విరిగిన ఆవిడ సాయంత్రాలు రావడం మానేసింది. “నాకు భయం పోదండీ, మీరేమీ అనుకోవద్దు” అన్నది. ఉదయం వస్తున్నది. ఆవిడకు సాయంత్రపు గాలి మేము పోగొట్టామనే అనుకుంటాను. అందరికీ చెందినదానిని పంచుకునేటప్పుడు ఎవరికో కొంత తగ్గుతుంది. ఇదివరకు ఆ తగ్గుదలంతా, అడగడానికి నోరులేని పిల్లల మీద వేశాము. ఇప్పుడు అందరం తలా కొంచెం మోస్తున్నాము.

బోర్డు మార్చాము. ఈసారి వ్రాసినది నేనే అయినా, వ్రాసిన తరువాత ఇస్త్రీ బండి అతని కూతురి చేత చదివించాను. అర్థం కాలేదన్న మాట తీసేశాను. మొదటి వాక్యం 'లోపలికి రండి' అని. రెండవది 'ఆడుకోండి' అని. చెట్లకొమ్మలు విరవవద్దు, ముసలివాళ్ళు నడిచే దారిలో బంతి ఆట వద్దు అన్నవి ఆ తరువాత వస్తాయి. ఆ పిల్ల ఇప్పుడు పెద్ద తరగతికి వచ్చింది, ఖో ఖో బాగా ఆడుతుంది. దాని అన్న కాలు అతికింది; పరుగులో మాత్రం కొద్దిగా లాగుతుంది. గురువారాలు వాణ్ణి చూస్తూ కూర్చుంటాను.

ఇటువంటి సంఘం పెట్టదలచినవారికి ఒక్క మనవి. మొదటి సమావేశంలోనే, మన సభ్యులు కానివాళ్ళు ఈ తోటకు వచ్చి ఏం చేయాలనుకుంటున్నారో అడిగి వ్రాసుకోండి. మేము నాలుగేళ్ళ తరువాత అడిగాము, అదీ ఒక పిల్ల మమ్మల్ని అడిగిన తరువాత.

పాత బోర్డును తోటమాలి ఎరువుగుంట మీద మూతగా వేశాడు. మంచి రేకు, పారవేయడం ఎందుకన్నాడు. నేనూ వద్దనలేదు.