సున్నపు తేట

మా ఐదుగురికీ కెమిస్ట్రీ పుస్తకం ఒక్కటే. ముందు సంవత్సరం ఇంటర్ పాసయిపోయిన అన్న ఒకాయన ఇచ్చిన తెలుగు అకాడమీ పుస్తకం. పరీక్షలయ్యాక తిరిగిస్తామని ఒట్టేసి తెచ్చుకున్నాం. 1991 వేసవి పరీక్షలు ఇంకో నెలన్నర ఉన్నాయనగా ఒక రాత్రి ఆ పుస్తకాన్ని ఐదు ముక్కలు చేశాం. తలా ఒక ముక్క. ఎవడి ముక్క వాడు చదివి మిగతా నలుగురికీ చెప్పాలి. రెండ్రోజులకోసారి ముక్కలు మార్చుకోవాలి. ఇదీ ఒప్పందం. పుస్తకం కొనలేనోళ్ళు ఉన్న పుస్తకాన్ని చింపుకున్నారని మీరు అనుకోవచ్చు. చింపలేదు. కుట్లు విప్పాం. ఆ తేడా నాకు బాగా తెలుసు. ఎట్లా తెలుసో తర్వాత చెప్తాను.

అది గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌను. సాంఘిక సంక్షేమ హాస్టలు. ఒక హాల్లో నలభై మందిమి ట్రంకు పెట్టెలు పక్కన పెట్టుకుని పడుకునేవాళ్ళం. పది కొట్టగానే హాల్లో లైట్లు తీసేసేవాళ్ళు. వంటగది వరండాలో బల్బు మాత్రం తెల్లవార్లూ వెలిగేది. బియ్యం బస్తాలకు కాపలా దీపం అది. బియ్యానికున్న వెలుతురు మాకు లేదు కాబట్టి మేమే బియ్యం దగ్గరికి పోయి గోనెసంచులు పరుచుకుని కూర్చున్నాం. ఐదుగురిలో ముగ్గురు మాలలు, ఇద్దరం మాదిగలం. ఐదు ఇళ్ళల్లోనూ అప్పటిదాకా కాలేజీ గడప తొక్కినోడు లేడు.

ఇంగ్లీషు రాక మేం వెనకబడ్డామని అందరూ అంటారు. మేం ముందు తెలుగులోనే తప్పాం. పుస్తకంలో తెలుగు మా తెలుగు కాదు. 'అవక్షేపం' అని ఉంటుంది. అదేందో ఒక్కడికీ తెలియదు. క్లాసులో అడిగితే నవ్వుతారు. చివరికి మాలో ఒకడు ఆ పేజీ నాలుగుసార్లు చదివి "ఒరే, అడుగున దిగిన మడ్డిరా" అన్నాడు. ఆ రాత్రి నుంచి మాకు తెల్ల అవక్షేపం తెల్ల మడ్డి, పసుపు అవక్షేపం పసుపు మడ్డి. 'సంతృప్త ద్రావణం' అంటే ఇంక ఎంతేసినా కరగని నీళ్ళు. 'ఉత్ప్రేరకం' అంటే పెళ్ళి కుదిర్చి తను మాత్రం ఎట్లా వచ్చాడో అట్లాగే వెళ్ళిపోయే పెళ్ళిళ్ళ పేరయ్య. పేపరు మీద వాళ్ళ మాట, బుర్రలో మా మాట. మా చదువులో సగం తర్జుమానే.

సాల్ట్ ఎనాలిసిస్ గ్రూపులు ఎంతకీ నోటికి రాకపోతే ఒకడు ట్రంకు పెట్టె బోర్లేసి దరువేశాడు. ఒకటో గ్రూపుకి హైడ్రోక్లోరికామ్లం, రెండుకి హైడ్రోజన్ సల్ఫైడు, మూడుకి అమ్మోనియం హైడ్రాక్సైడు. ఐదో గ్రూపు కాడికొచ్చేసరికి దరువు మారేది. కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం. ఇవాళ్టికీ ఆ వరస తలుచుకుంటే ముందు దరువే వినపడుద్ది, తర్వాతే పేర్లు.

ఇంత ఆఖర్న ఇంత హడావుడి ఎందుకంటే ఆ ఏడు మాకు చదువు సాగలేదు. 1990 ఆగస్టులో వి.పి. సింగ్ ప్రభుత్వం మండల్ సిఫార్సులు అమలు చేస్తామని ప్రకటించింది. అది బీసీల ఉద్యోగాల సంగతి. తిట్లు మాత్రం మాకూ పడ్డాయి. కాలేజీ గేటు ముందు బూట్లు పాలిష్ చేసి, రోడ్డు ఊడ్చి నిరసన చేశారు మా క్లాసువాళ్ళే. రిజర్వేషన్లొస్తే మాకిక ఈ పనులే గతి అని దానర్థం. మా అయ్యా, మా పిన్నీ రోజూ చేసే పనులు వాళ్ళకు ఒక పూట నాటకం. క్లాసులు ఆగిపోయాయి. ల్యాబు మూతపడింది. మళ్ళీ తెరిచేసరికి 'మెరిట్' అనే మాట ప్రతి బెంచీ మీదా కూర్చుని ఉంది.

ల్యాబులో రెండో గ్రూపు చేసే రోజు. కిప్స్ పరికరం నుంచి హైడ్రోజన్ సల్ఫైడు వస్తోంది. కుళ్ళిన గుడ్ల కంపు. అందరూ జేబురుమాళ్ళు ముక్కుకు కట్టుకున్నారు. నా దగ్గర రుమాలు లేదు. ఊరికే నిలబడ్డాను. పక్కనున్నవాడు నన్ను చూసి, "మీకు అలవాటేగా" అన్నాడు. రెండు బెంచీల దాకా నవ్వారు. సారు విననట్టే ఉన్నాడు. వాడికి మా ఇంటి సంగతేమీ తెలియదు. కులం తెలుసు. అది చాలింది.

మా ఇంటి సంగతి హాస్టల్లో కూడా ఎవరికీ తెలియదు. మా అయ్య కూలికి పోతాడని చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం మా ఇంటెనక లంద. పచ్చితోలు నానేసే గుంట. ఆ వాసన బట్టలకు పట్టుద్దని, సెలవులకు ఇంటికిపోతే హాస్టలుకు వచ్చే జత విడిగా సంచిలో కట్టి వాసానికి వేలాడదీసేవాణ్ణి. మాయమ్మ అది చూసేది. ఏమీ అనేది కాదు.

పరీక్షలకు పదిరోజుల ముందు కాల్షియం హైడ్రాక్సైడు పాఠం చెప్పే వంతు నాకొచ్చింది. కాల్చిన సున్నంలో నీళ్ళు పోస్తే బుసబుస పొంగి వేడెక్కుద్ది. తేరిన నీళ్ళు సున్నపు తేట. అందులోకి కార్బన్ డయాక్సైడు పోతే పాలలాగా తెల్లబడుద్ది. ఇదంతా గడగడా చెప్పాను. ఉపయోగాలు చదివాను. గోడలకు వెల్ల, ఇంటి గచ్చు, కఠిన జలాన్ని మార్చడం, బ్లీచింగ్ పౌడరు. మాకు నోట్సు చెప్పిన సారు అక్కడితో ఆపాడు. నేను ఆగలేకపోయాను. "ఇంకోటుంది" అన్నాను.

చెప్పాను. పచ్చితోలును సున్నపు నీళ్ళలో రోజుల తరబడి నానేస్తే తోలు ఉబ్బుద్ది, వెంట్రుక కుదురు వదులుద్ది. అప్పుడు కత్తితో గీకితే జుట్టంతా ఊడొస్తుంది. తర్వాత సున్నం పోయేదాకా కడగాలి. తంగేడు చెక్క దంచి నానేసిన ఎర్రనీళ్ళలో ఊరేయాలి. తోలును తిత్తిలాగా కుట్టి, చెక్కతో, నీళ్ళతో నింపి వేలాడదీయాలి. చెక్కలో ఉన్న టానిన్లు తోల్లో ఉన్న ప్రోటీనును పట్టుకుంటాయి. ఇక అది కుళ్ళదు. సున్నం ఎక్కువైతే తోలు పాడవుద్ది, తక్కువైతే జుట్టు రాదు. మా అయ్య రెండు వేళ్ళ మధ్య నలిపి జారుడు చూసి చెప్తాడు. లిట్మస్ కాగితం మా ఇంట్లో లేదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మాలో ఒకడు "అందుకేనా నీకు ఆ రోజు ల్యాబులో కంపు కొట్టలేదు" అన్నాడు. వాడు మాలోడే, మా పక్క ఊరోడే. కాలేజీవాడి మాట కంటే ఆ మాట లోతుగా దిగింది. నేను లేచి హాల్లోకి పోయి పడుకున్నాను. మర్నాడు రాత్రి వాడే నా గోనెసంచి పరిచి, "ఒరే, ఆ తంగేడు చెక్క కాడ్నించి మళ్ళీ చెప్పు. రాసుకుంటా" అన్నాడు. తప్పయిందని అనలేదు. నేనూ అడగలేదు. మళ్ళీ చెప్పాను.

ప్రాక్టికల్స్‌లో నాకొచ్చిన ఉప్పు తెల్లటి పొడి. నీళ్ళలో కరగలేదు. ఆమ్లం పోస్తే పొంగింది. ఆ గ్యాసును సున్నపు తేటలోకి పంపితే పాలరంగొచ్చింది. కార్బొనేటు. దరువు గుర్తు చేసుకుంటూ ఐదో గ్రూపుదాకా వచ్చాను. మంటలో పెడితే ఇటుక ఎరుపు. అమ్మోనియం ఆక్సలేటుకి తెల్ల మడ్డి. కాల్షియం. చేతులు వణకలేదు.

వైవాలో బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు కాగితం చూసి తలూపాడు. "సున్నం ఎక్కడెక్కడ వాడతారు?" అన్నాడు. నోట్సులో నాలుగూ చెప్పాను. "ఇంకా?" అన్నాడు. ఆయన ఎదురుచూస్తున్నాడు. పక్కన రుమాలు వాడు వంతు కోసం నిలబడి ఉన్నాడు. లంద నా నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలియదు సార్" అన్నాను.

పరీక్షలయ్యాక ఇంటి నుంచి ఆరె, మైనం పట్టించిన దారం తెచ్చి ఆ ఐదు ముక్కలూ కలిపి నేనే కుట్టాను. అన్నకు తిరిగిస్తే అటూ ఇటూ తిప్పి, "కొత్తదానికంటే గట్టిగుందిరా" అన్నాడు. మా ఐదుగురిలో నలుగురం పాసయ్యాం. ఐదోవాడు, దరువేసినోడు, ఫిజిక్సులో పోయి మళ్ళీ కట్టలేదు. ఆ ఆగస్టులోనే మా జిల్లాలో చుండూరు జరిగింది. తర్వాత వాణ్ణి నేను మీటింగుల్లో డప్పుతోనే చూశాను.

పాసైన సంగతి చెప్పిన రోజు మా అయ్యకు లంద పక్కనే కూర్చుని ఈ పాఠమంతా వినిపించాను, వైవా సంగతి తప్ప. ఆయన బీడీ ఆర్పి, "ఇంత రాసుందా పుస్తకంలో? మరి వాసన రాసిందా?" అన్నాడు. రాయలేదన్నాను. "అయితే రాసినోడు రాలేదు ఇక్కడికి" అన్నాడు.

తోలు మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ 1948 నుంచీ మద్రాసులో ఉందని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఇప్పుడు తోళ్ళు ఎక్కువగా క్రోమియంతోనే ఊనుతున్నారు. మా లంద పూడిపోయింది. మా అయ్య లేడు. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. సున్నం ఉపయోగాలు చెప్పేటప్పుడు లంద కాడే మొదలుపెడతాను, మా అయ్య పని అని చెప్పి మరీ. అది చెప్పేటప్పుడు క్లాసులో ఎవడో ఒకడు తల దించుకుంటాడు. వాణ్ణి నేను గుర్తుపడతాను. నిలబెట్టి అడగను.

పోయినేడు ఒకడు క్లాసయ్యాక నా వెనకాలే వరండాలోకి వచ్చాడు. "సార్, తంగేడు చెక్కొకటే కాదు సార్, కరక్కాయ కూడా వేస్తారు" అన్నాడు.

"ఎవరు చెప్పార్రా?" అన్నాను.

అటూ ఇటూ చూశాడు. "మా తాత సార్" అన్నాడు.

"రేపు క్లాసులో నువ్వే చెప్పు" అన్నాను. మర్నాడు చెప్పాడు. గొంతు చిన్నగానే ఉంది. చివరి బెంచీ దాకా వినపడింది.