నీటినడుమ దేవి

జపానుదేశమున క్యూషూ తీరమునకు దూరముగా ఒకినోషిమా యను దీవి కలదు. దీవి యంతయు దైవమే యని షింటో మతస్థుల నమ్మిక. 4వ శతాబ్దము మొదలు 9వ శతాబ్దము వఱకు ఓడప్రయాణములు క్షేమముగా జరుగుటకై అచ్చటి బండలకడ నర్పించిన అద్దములు, కత్తులు, బంగారుటుంగరము లోనుగా సుమారు 80,000 వస్తువులు బయల్పడినవి. ఆ దీవిలో అడుగిడువారు ముందుగా సముద్రస్నానము చేయవలెను. వెడలునపుడు గడ్డిపోచయైనఁ దేరాదు.

అచ్చటి దైవము తగోరిహిమే యను దేవి. ఐనను స్త్రీ యచ్చట కాలుమోపరాదు! అశౌచమే కారణమని కొందఱు, సముద్రభయమని కొందఱు చెప్పుదురు. మొదటిమాట మన యిండ్లలోను వినునదే. 2017లో యునెస్కో ఆ దీవిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. నాఁటివఱకు ఏటేట మే 27న సుమారు 200 మంది పురుషులను దిగనిచ్చెడివారు. పిదప వారిని సయితము మాన్పిరి. వంతులవారీగా నుండు అర్చకుఁడు మాత్రము పురుషుఁడే. స్త్రీలు ఓషిమాదీవి నుండి దూరనమస్కారము చేయవలసినదే.

మనకును నీటినడుమ నొక దేవి కలదు. సైబరాబాదునకు సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున, మెదకు జిల్లాలో మంజీర చీలి ప్రవహించు ఏడుపాయలలో వనదుర్గ వెలసినది. జనమేజయుని సర్పయాగ మచ్చటనే జరిగెనని స్థలపురాణము. శివరాత్రి జాతరలో ఆడువారు బోనము లెత్తి దేవికడకుఁ బోవుదురు.

ఒక వానకాలమున మేము పోవునప్పటికి నది పొంగి గుడి మునిఁగియుండెను. ఉత్సవమూర్తిని రాజగోపురమున నుంచి పూజించుచుండిరి. ఆడుమగ యను భేదము లేక అందఱము అచ్చటనే మ్రొక్కితిమి. మా ప్రక్క నిలిచిన పడుచునకు హైటెక్ సిటీలో ఉద్యోగమఁట. ఆమె ఒడిబియ్యపు మూట విప్పలేదు. "నీళ్లు దిగినంక మళ్ల వస్త. అమ్మ ఒడిలనే పోస్త" అన్నది.