ఒకే గుత్తిలో రెండు తాళపుచెవులు

మన ప్రాంతపు దేవాలయములలో కానుకపెట్టెకు రెండు తాళములు వేయు ఆచారము పెక్కుచోట్ల గలదు. ఒక తాళపుచెవి కోశాధికారియొద్దను, రెండవది వేఱొక సంఘపెద్దయొద్దను ఉండును. ఇరువురు కూడినగాని పెట్టె తెఱవబడదు. ఇది అనుమానముచేత పుట్టిన యేర్పాటు కాదు. ఒకరి చెవి పోయినంతమాత్రమున బీదవిధవరాండ్ర కానుకలు దొంగపాలు కాకుండుటకై చేసినది.

ఓ.టి.పి. యను పద్ధతియు నిట్టిదే. పాస్‌వర్డు మనము ఎఱిగిన రహస్యము. ఫోనునకు వచ్చు అంకెలు ఆ ఫోను మనచేతనే యున్నదనుటకు సాక్ష్యము. ఇంటర్నెట్టుమీద కార్డుతో చేయు చెల్లింపులకు ఇట్టి రెండవ ధ్రువీకరణమును రిజర్వు బ్యాంకువారు 2009వ సంవత్సరము ఆగస్టునుండి విధించిరి. మేము దీనిని మెచ్చుకొనువారమే. చిక్కెక్కడ ననగా, నేడు పాస్‌వర్డును జ్ఞాపకముంచుకొనునదియు ఫోనే, అంకెలు వచ్చునదియు ఫోనునకే. రెండు చెవులును ఒకే గుత్తిలో చేరినవి.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరు మొదలగు పేటలను ముంచెను. ఆ దినములలోనే ప్రకాశము బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణ నీరు వచ్చెను. మా విద్యార్థిని యొకతె తండ్రి ఆటో నడుపువాడు. చిన్నకుమారుని భుజముపై నెక్కించుకొని నడుములోతు నీటిలో నడచి వచ్చునప్పుడు అతని జేబులోని ఫోను జాఱిపోయెను.

ఫోను వెలకై అతడు విచారింపలేదు. అతని భార్య అంతకు రెండేండ్లముందు మరణించినది. ఆమె ఛాయాపటములును, ఆమె పిల్లలకు పాట నేర్పుచున్న వీడియోలును గూగుల్ ఖాతాయందు భద్రముగనే యుండెను. పాస్‌వర్డు కుమార్తెకు కంఠస్థమే; రెండవ చెవి మాత్రము నీటిపాలయ్యెను. అదే నంబరుతో క్రొత్త సిమ్ము తీసికొందమన్నచో, పాత సిమ్ము మరణించిన భార్య పేరిటిది! మన యిండ్లలో ఎవరి సిమ్ము ఎవరి పేరిట నున్నదో విచారించువారు ఎందఱు? మరణధ్రువపత్రము చేతబట్టుకొని అతడు తిరిగిన తిరుగుడు వ్రాయ మనసొప్పదు.

తుదకు సిమ్ము దొరకెను. అయినను అంకెలు రాలేదు. పిల్ల యేడ్చుచు మాయొద్దకు వచ్చెను. సిమ్ము మార్చిన పిమ్మట 24 గంటలవఱకు సందేశములు నిలిపివేయబడుననియు, దొంగ యెవడైన మన నంబరుతో సిమ్ము సంపాదించి వెంటనే ధనము లాగకుండుటకు ప్రభుత్వము చేసిన కట్టుబాటనియు చెప్పి పంపితిమి. మఱునాటి సాయంకాలము అంకెలు వచ్చినవి. పిల్లవాడు తల్లి పాటను ఎన్ని మాఱులు పెట్టించుకొనెనో లెక్కలేదు.

నీట పోయిన ఫోను నష్టము మాత్రమే. దొంగ చేజిక్కినది అపాయము. దొరకునేమో యని ఒకపూట చూడవచ్చునని కొందఱందురు. మేమట్లు తలంపము. తత్క్షణమే సిమ్మును ఆపించి, బ్యాంకునకు తెలిపి, పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. 2023లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన సంచార్ సాథీ ద్వారా ఆ ఫోనునే పనిచేయకుండ చేయవచ్చును. అందులకు ఫోనుయొక్క 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య కావలెను, అది కొన్న పెట్టెమీద నుండును. ధనము పోయినచో 1930 నంబరునకు వెంటనే చెప్పవలెను.

ఇక గూగుల్ వారు కోరినవారికి 8 అంకెల సంకేతములు పదియిత్తురు. ఫోను లేనప్పుడు ఓ.టి.పి.కి బదులుగా ఒక్కొక్కటి ఒక్కమాఱు చెల్లును. వీనిని ఫోనులోనే దాచుకొనువారిని చూచితిమి! కాగితముపై వ్రాసి ఫోనుతో తిరుగని చోట ఉంచవలెను. డెల్టావాసులకు మఱొక మాట: ఒక ప్రతి మెట్టప్రాంతపు బంధువు నింట నుండుట మేలు.

ఆ బాలిక అట్లే చేసినది. పది సంకేతములను చక్కని దస్తూరితో రెండు ప్రతులు వ్రాసి, ఒకటి నూజివీడులోని అమ్మమ్మకు పంపెను. చదువెఱుగని యా ముసలామె దానిని రేషను కార్డుతో పాటు రేకుపెట్టెలో పెట్టి తాళము వేసినదట.