చెంబులో మిగిలిన నీళ్ళు

"నాన్న ఇంట్లో లేరని చెప్పు" అని పిల్లాడికి ఫోన్ అందించేదీ మనమే. వాడే రేపు మార్కుల కాగితం దాచేస్తే "వీడికీ బుద్ధులెక్కడివమ్మా!" అని బుగ్గలు నొక్కుకునేదీ మనమే.

బుద్ధుడు కొడుకు రాహులుడికి నిజం విలువ ఎలా చెప్పాడో తెలుసా? కాళ్ళు కడుక్కుని, పాత్రలో కాసిని నీళ్ళు మిగిల్చి చూపించాడు. తెలిసి తెలిసి అబద్ధమాడడానికి సిగ్గుపడనివాడి సాధన అంత కొంచెమేనన్నాడు. ఆ నీళ్ళు పారబోసి, పాత్ర బోర్లించి చూపించాడు. వేళాకోళానికి కూడా అబద్ధం వద్దన్నాడు. తిట్టలేదు, తొడపాశం పెట్టలేదు! క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు భిక్షువులతోపాటు గృహస్థ స్త్రీలు కూడా తరచు వినాలని శాసనం చెక్కించిన ఏడు బోధల్లో ఇదొకటి.

అలాగని "నాకు ఉన్నమాట అనేయడమే తెలుసు" అంటూ ఎదుటివాళ్ళ మనసు గాయపరచమని కాదు. మాట నిజం కావాలి, మేలు చేయాలి, సమయం చూసి చెప్పాలి. బుద్ధుడు అభయ రాజకుమారుడికి చెప్పిందిదే. ఆ రాజకుమారుడి ఒళ్ళో పసివాడున్నాడు. వాడు నోట్లో పుల్ల పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు అడిగితే, నెత్తురొచ్చినా తీస్తాను, వాడి మీద దయతోనే అన్నాడు రాజకుమారుడు.

మంచాన పడ్డ మా పిన్నికి అందరూ "నీకేం, నిక్షేపంలా ఉన్నావు" అంటున్నారు. "నువ్వైనా నిజం చెప్పవే" అంది నాతో. నవలలు రాసేదాన్ని, కమ్మని కల్పన నోటిదాకా వచ్చింది. మింగేసి, చెయ్యి పట్టుకుని "బాగా చిక్కిపోయావు పిన్నీ. ఆదివారం మళ్ళీ వస్తాను" అన్నాను. ఆవిడ ఏడవలేదు. "హమ్మయ్య, ఇప్పుడు నీతో మాట్లాడొచ్చు" అంది.

ఆదివారం వెళ్ళాను. మరి అదీ నిజం కావాలి కదా!