పదునున్న ఆదివారం

నిర్గమకాండం 20వ అధ్యాయం నేను శనక్కాయలు వలుస్తూ నేర్చుకున్నాను. గుత్తికి దగ్గర్లో మా పల్లె. వానల ముందు ఆడవాళ్లూ పిల్లలూ రైతుల వసారాల్లో కూర్చుని విత్తనపు కాయలు వలిచేవాళ్లు. వేళ్ల కొసలు పుండ్లు పడేవి. అవ్వ ఒక్కో ఆజ్ఞా చెప్తే నేను వెంట చెప్పేవాణ్ణి. ఎనిమిదో ఆజ్ఞ వచ్చేసరికి నా చూపంతా గింజల కుప్ప మీదే. "ఆకలైతే ఇంటికి పోయి సంగటి తిందాం నాయనా. ఇది విత్తనం, ఒకరి పంట" అనేది.

మా సంఘం లండన్ మిషన్ కాలంనాటిది, 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది. పాస్టర్ గారు నెలకోసారి సైకిల్ మీద వచ్చి ప్రభురాత్రి భోజన సంస్కారం ఇచ్చి వెళ్లేవారు. మిగతా రోజుల్లో రోగి పక్కన ప్రార్థనకైనా, ఉత్తరం రాయడానికైనా ఊళ్లో సంఘాన్ని చూసుకునే ఉపదేశయ్యే దిక్కు.

మా అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తాయి. ఎర్రనేలలో పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఆ లోపల విత్తనం పడాలి, లేకపోతే మళ్లీ వాన కోసం ఎదురుచూపే. ఒక ఏడు, ఆరుద్ర కార్తె కూడా పోయిందనుకున్నాక, శనివారం రాత్రి గట్టి వాన కురిసింది. తెల్లవారితే ఆదివారం.

ఇంకా చీకటుండగానే ఉపదేశయ్య గంట కొట్టాడు. ఆరాధన పొట్టిగా ముగించి, గుంటలో పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన పైకి తీయరా అని ప్రభువు అడిగిన సంగతి చెప్పాడు. ఆ మీదట ఒక షరతు పెట్టాడు: మొదట ఎద్దుల్లేనివాళ్ల చేను, తర్వాతే ఎవరి చేను వాళ్లది. దీపాలు పెట్టే వేళకు మళ్లీ అందరూ గుళ్లో ఉండాలి. భర్త పోయిన ఒకామెకు రెండెకరాలుండేవి. ఆమె చేన్లోకి నాలుగు గొర్రులు దిగాయి. ఎవరి పొలం వాళ్లను పిలుస్తూనే ఉంది, ఒక్కొక్క గంటకూ పైమట్టి ఆరుతూనే ఉంది. అయినా అక్కడ చివరి సాలు పడేదాకా ఎవరూ కదల్లేదు.

అవ్వ కూడా ఆ చేన్లో పొద్దెక్కేదాకా విత్తనం పోసింది. నాయన మా చేనికి ఎద్దులు మళ్లించబోతే మాత్రం అడ్డం నిలబడింది.

"ఆయమ్మ ఎద్దు గుంటలో పడింది, తీసినాం. మనది పడలేదు గదా. రేపు చూద్దాంలే."

నాయన మారుమాట లేకుండా కాడి విప్పేశాడు. సోమవారం మేము విత్తేసరికి పదును చాలావరకు లోపలికి దిగిపోయింది.

నేనైతే ఉపదేశయ్య పక్షమే. ఒక్క పదును తప్పితే ఇంటిల్లిపాదీ ఏడాది పస్తులు పడే నేల మాది. అయితే అవ్వ తన పట్టుదలను పక్కింటివాళ్ల మీద రుద్దలేదు. ఆదివారం విత్తినవాళ్లను ఒక్క మాటా అనలేదు, నష్టమంతా తన ఇంటికే పెట్టుకుంది. ప్రభువును వెంబడించడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ ఇద్దరినీ కలిపి చెప్పకుండా ఉండలేను.

పక్కవాళ్ల అక్కర గురించి చెప్పేటప్పుడు ఉపదేశయ్య ప్రసంగాల్లో తరచూ వచ్చిన మనిషి విన్సెంట్ ఫెర్రర్. బార్సిలోనాలో పుట్టిన ఆ జెసూట్ ఫాదర్ 1969లో అనంతపురం వచ్చారు, మరుసటేడు జెసూట్ సభను వదిలారు గానీ జిల్లాను వదల్లేదు. ఆయన, భార్య అన్నే నడిపిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ బావులు తవ్వించింది, ఇళ్లు కట్టించింది, 2000లో బత్తలపల్లిలో ఆసుపత్రి తెరిచింది. కాథలిక్కుల ఫాదర్‌ను మన గుళ్లో పొగడడమేమిటని పెద్దల్లో ఒకరిద్దరు గొణిగేవాళ్లు. "నీళ్లు పడినాక ఏ సంఘమని అడుగుతామా అన్నా?" అనేవాడు ఉపదేశయ్య. ఫెర్రర్ 2009 జూన్ 19న కన్నుమూశారు. సమాధి బత్తలపల్లిలోనే ఉంది.

శనివారం రాత్రి వాన పడిన ఆ ఏడు, శనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేసింది. ఆదివారం విత్తినదీ ఎండింది, సోమవారం విత్తినదీ ఎండింది. ఎవరి నోటా "చూశావా" అన్న మాట రాలేదు. దాన్ని నేను చాలా పెద్ద సంగతిగా తలుస్తాను, ఎందుకంటే కరువులో తప్పు మోయడానికి ఎవరో ఒకరు కావాలనిపిస్తుంది.

అయినా కోత పండుగ మానలేదు. పంట లేదు కాబట్టి గుడ్లు, గుమ్మడికాయలు, మోపెడు శనగకట్టె, ఒక కోడి తెచ్చారు. వేలంపాటలో కోడిని పాడుకున్నాయన దాన్ని తిరిగి గుడికే ఇచ్చేశాడు, మరొకాయన మళ్లీ పాడుకున్నాడు. అలా ఒక్క కోడే మూడుసార్లు అమ్ముడుపోయింది. పెద్దలు పాస్టర్ గారితో మాట్లాడి ఆ డబ్బుతో విత్తనపు కాయలు కొన్నారు. ఎవరికెంతో ఉపదేశయ్య చీటీ రాశాడు. ఎద్దుల్లేనామె పేరు మొదట ఉంది, మాది అన్నిటికన్నా కింద. అలా రాయమని అవ్వే చెప్పింది.